7.5 హెచ్‌పీ బోరు మోటారుకి ఫేజ్ మీటరు: డివైడర్ ప్రోబుల ప్రాజెక్టు డైరీ

ఉగాది దాటాక

చేయాలనుకున్నది ఇదీ: బోరులో నీళ్లు తగ్గితే మోటారు ఆపాలని తెలిసేలా, స్టార్టర్ దగ్గర మూడు ఫేజుల వోల్టేజినీ, మోటారు లాగే కరెంటునీ ఒకేసారి చదివి, వాటి మధ్య కోణాన్ని (వోల్టేజి వేవ్ కంటే కరెంటు వేవ్ ఎంత వెనకబడిందో చెప్పేది) అర డిగ్రీకి మించి తేడా రాకుండా చెప్పే చిన్న మీటరు. బ్యాటరీ మీద నడవాలి, రీడింగు బ్లూటూత్‌లో ఫోనుకి రావాలి, ఖర్చు ఒక రీవైండింగ్ ఖర్చు కంటే బాగా తక్కువలో తేలాలి.

మా అనంతపురం వైపు బోర్లలో నీళ్లు ఒక్కరోజులో మాయం కావు. కొద్దికొద్దిగా దిగిపోతాయి, దించిన మోటారు మాత్రం నీళ్లు బాగా ఉన్న కాలంలో కొన్నదే. నార్పల దగ్గర చిన్నాయన చీనీ తోటలో ఉన్నది 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, ఇప్పుడు ఆ బోరు ఇచ్చే నీళ్లకి అది పెద్దది. పెద్ద మోటారు తక్కువ లోడు మీద తిరిగితే అది లాగే కరెంటులో చాలా భాగం లోపలి అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టడానికే పోతుంది, నీళ్లు తగ్గినా ఆ భాగం తగ్గదు. అందుకే పంపు గాలి మింగడం మొదలుపెట్టినా క్లాంప్ మీటర్‌లో (తీగ చుట్టూ బిగించి కరెంటు చూసేది) ఆంపియర్లు కొంచెమే కదులుతాయి. అసలు మార్పు కరెంటుకీ వోల్టేజికీ మధ్య కోణంలో, దాంతోపాటు వాట్లలో కనబడుతుంది.

వైండింగ్ షాపులో అన్నకి ఈ మాట చెప్తే ఒప్పుకోలేదు. "ఆంప్స్ పడిపోతే నీళ్లు లేనట్టే కదప్పా, దానికింత తతంగం ఎందుకు?"

"ఏ ఫేజు ఆంప్స్ చూడాలన్నా? మూడూ మూడు రకాలుగా ఉంటాయి కదా."

కాసేపు ఆలోచించి "అది మాత్రం నిజమే" అన్నాడు. నిజంగానే ఇది పెద్ద చిక్కు. మూడు ఫేజుల వోల్టేజిలో ఒక్క శాతం అసమతుల్యం ఉంటే మోటారు కరెంటుల్లో దానికి 6 నుంచి 10 రెట్ల తేడా రావచ్చు. పల్లె ట్రాన్స్‌ఫార్మర్ మీద సింగిల్ ఫేజు లోడ్లు మారేకొద్దీ ఈ అసమతుల్యం పూటపూటకీ మారుతుంది. ఒక ఫేజుకి క్లాంపు పెట్టి తగ్గింది, పెరిగింది అనడం ఇక్కడ పనికిరాదు, మూడింటినీ కలిపి వాట్లు తీయాల్సిందే.

వాట్లు కావాలంటే కోణం సరిగ్గా రావాలి. నిజమైన కోణం 50 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఒక డిగ్రీ తప్పితే వాట్లలో 2 శాతం తప్పు వస్తుంది. మోటారు దాదాపు డ్రైగా తిరుగుతూ కోణం 67 దాకా వెళ్తే అదే డిగ్రీకి 4 శాతం. ఏ రీడింగు మీద ఎక్కువ ఆధారపడాలో, అంటే నీళ్లు తగ్గినప్పటి రీడింగు, సరిగ్గా అక్కడే కోణంలో తప్పు ఎక్కువగా కొడుతుంది. 50 హెర్ట్జ్‌లో ఒక డిగ్రీ అంటే దాదాపు 55.6 మైక్రోసెకన్లు. మొత్తం ప్రాజెక్టు ఈ 55 మైక్రోసెకన్లలో సగాన్ని కాపాడుకోవడం గురించే.

డివైడర్ లెక్క

415 వోల్టుల సప్లైలో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 240, దాని పీకు (వేవ్ శిఖరం) 339 వోల్టులు. దీన్ని ఒక వోల్టు లోపుకి దించాలి, ఆ పని చేసే రెసిస్టర్ల వరసే డివైడర్. పైన 470 కిలో ఓముల రెసిస్టర్లు నాలుగు వరసగా, కింద 4.7 కిలో ఓములు, అంటే 401కి 1. పీకు 0.85 వోల్టు దగ్గరికి వస్తుంది.

పైన ఒకే 1.8 మెగ్ రెసిస్టర్ పెట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. దయచేసి పెట్టకండి. మామూలు పావు వాట్ రెసిస్టర్ తట్టుకునే వోల్టేజి సాధారణంగా 250 వోల్టులే, వేడెక్కకపోయినా ఆ హద్దు హద్దే. నాలుగు వరసగా ఉంటే వోల్టేజి పంచుకుంటాయి, ఒకటి షార్ట్ అయినా మిగతా మూడు కాపాడతాయి. కింది 4.7 కిలో ఓముల స్థానంలో 9.1 కిలో ఓములవి రెండు సమాంతరంగా పెట్టాను. ఉన్న ఒక్కటీ తెగిపోతే పూర్తి లైన్ వోల్టేజి బోర్డు మీదికి వస్తుంది. రెండుంటే ఒకటి ఊడినా అక్కడి వోల్టేజి రెట్టింపు అవుతుందే తప్ప బోర్డు పోదు. (విలువ 4.55 అవుతుంది, నిష్పత్తి కొంచెం మారుతుంది. ఆ మార్పు క్యాలిబ్రేషన్‌లో పోతుంది. కింద రాసే లెక్కల్లో సులువుగా ఉండేందుకు 4.7 అనే వాడతాను.)

ఇంతవరకూ రెసిస్టర్లే కాబట్టి ఫేజు మారదు అనిపిస్తుంది. కానీ ఏడీసీ (వోల్టేజిని అంకెలుగా మార్చే చిప్పు) ముందు నాయిస్ పోవడానికి ప్రతి ఒక్కరూ ఒక కెపాసిటర్ పెడతారు, నేనూ 10 నానోఫారడ్ అనుకున్నాను. అప్పుడు 4.7 కిలో ఓములు, 10 నానోఫారడ్ కలిసి 47 మైక్రోసెకన్ల టైమ్ కాన్‌స్టంట్ అవుతుంది, 50 హెర్ట్జ్‌లో 0.84 డిగ్రీ ఆలస్యం. పెట్టుకున్న హద్దు అర డిగ్రీ, ఒక్క చిన్న కెపాసిటరే దాన్ని దాటేసింది. అదే చోట 100 నానోఫారడ్ పెడితే ఆలస్యం 8 డిగ్రీలు దాటుతుంది. తయారై వచ్చే చాలా చవక వోల్టేజి మాడ్యూళ్లలో ఇలాంటి కెపాసిటర్లు ఉంటాయి. బల్బుల వాట్లు చూసేవాళ్లకి అది పట్టదు, మోటారు చూసేవాళ్లకి పడుతుంది.

దీనికి మందు ఓసిలోస్కోపు (వేవ్ ఆకారం చూపే పరికరం) 10ఎక్స్ ప్రోబులో ఎప్పట్నుంచో ఉంది. అందులో 9 మెగ్ ఓముల పక్కనే ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, పై ఆర్‌సీ, కింది ఆర్‌సీ (అంటే రెసిస్టెన్స్, కెపాసిటెన్స్ గుణిస్తే వచ్చే టైమ్ కాన్‌స్టంట్) సమానం అయ్యేదాకా ట్రిమ్మర్ తిప్పుతారు. రెండూ సమానమైతే డివైడర్ ఏ ఫ్రీక్వెన్సీకైనా ఒకే నిష్పత్తి ఇస్తుంది, ఫేజు కదలదు. నా లెక్కకి ఇది భలే సులువుగా కుదిరింది: ప్రతి 470 కిలో ఓముల మీదా 100 పికోఫారడ్ పెడితే 47 మైక్రోసెకన్లు, కింద 4.7 కిలో ఓముల మీద 10 నానోఫారడ్ పెట్టినా 47 మైక్రోసెకన్లే. అన్నీ బజార్లో దొరికే విలువలే.

కింద అంత పెద్ద కెపాసిటర్ ఎందుకు, ఏమీ పెట్టకపోతే పోదా అంటే, పోదు. కోయాక్స్ కేబులే మీటరుకి 100 పికోఫారడ్ దాకా ఉంటుంది, రక్షణకి పెట్టే టీవీఎస్ డయోడ్ కూడా ఒక కెపాసిటరే, పైగా దాని విలువ వోల్టేజితో మారుతుంది. రెండు మీటర్ల కేబుల్ 200 పికోఫారడ్‌ని సరిచేయాలంటే పైన కావాల్సింది అర పికోఫారడ్. చెయ్యి దగ్గరికి తెచ్చినా అంత మారిపోతుంది, దాన్ని ఎవరూ నిలకడగా పెట్టలేరు. కింద 10 నానోఫారడ్ ఉంటే ఆ 200 పికోఫారడ్ 2 శాతానికి పడిపోతుంది, 50 హెర్ట్జ్‌లో దాని ప్రభావం డిగ్రీలో వందో వంతుల్లోనే.

ఏప్రిల్ నడిమి

సామాను కొంత ఆన్‌లైన్‌లో, మిగతాది బెంగళూరు ఎస్.పి. రోడ్డులో తెచ్చుకున్నాను. రెసిస్టర్లు ఒక శాతం మెటల్ ఫిల్మ్, అన్నీ ఒకే రీలు నుంచి. కెపాసిటర్ల విషయంలో మాత్రం షాపువాళ్లు ఇచ్చిందల్లా తీసుకోకుండా విలువ దాదాపు మారని సీ0జీ సెరామిక్ రకమే కావాలని పట్టుబట్టాను, పై నాలుగూ కిలోవోల్టువి. ఎక్స్7ఆర్ రకం చిన్నగా, చవగ్గా ఉంటుంది గానీ దాని విలువ ఉష్ణోగ్రతతో 15 శాతం దాకా మారొచ్చు, మీద పడే వోల్టేజితోనూ మారుతుంది. ఫేజు కొలిచే దారిలో దాన్ని పెట్టకూడదు.

ఏడీసీ గురించి ఒక్క మాట. మీటరులో లెక్కలు చేసే బ్లూటూత్ ఉన్న చిప్పు ఈఎస్‌పీ32. ఈఎస్‌పీ32 లోపలి ఏడీసీ ఒక్కో చానెల్‌నీ ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది, మధ్యలో 100 మైక్రోసెకన్ల తేడా వస్తే అది 1.8 డిగ్రీలు. ఆ తేడా స్థిరంగా ఉంటే సరిచేసుకోవచ్చు, రేడియో కూడా నడుస్తుంటే స్థిరంగా ఉంటుందనే నమ్మకం నాకు లేదు. అందుకని ఆరు చానెళ్లనీ ఒకే క్షణంలో పట్టుకునే ఏడీఎస్131ఎం06 బోర్డు వాడాను, సెకనుకి 4,000 శాంపిళ్లు. సున్నాకి కొంచెం కింద ఉన్న వోల్టేజి కూడా చదువుతుంది కాబట్టి సిగ్నల్‌ని పైకెత్తే బయాస్ గొడవ లేదు. ఈఎస్‌పీ32 లెక్కలు చేసి ఫోనుకి పంపడానికి మాత్రమే.

కోణం తీయడానికి జీరో క్రాసింగ్ పద్ధతి (వేవ్‌లు సున్నా దాటే క్షణాల్ని పోల్చడం) వాడలేదు. తోటల్లో వచ్చే కరెంటు వేవ్ నున్నగా ఉండదు, సున్నా దాటే చోట చిన్న గాటు ఉన్నా టైమింగ్ పక్కకి జరిగిపోతుంది, కొంచెం డీసీ ఆఫ్‌సెట్ ఉంటే పైకెళ్లేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఒకలా వస్తుంది. పది సైకిళ్ల శాంపిళ్లని 50 హెర్ట్జ్ సైన్‌తో ఒకసారి, కొసైన్‌తో ఒకసారి గుణించి కూడితే ఒక్కో చానెల్‌కీ ఒక కోణం వస్తుంది, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సరి. గ్రిడ్డు 49.9 దగ్గర ఉన్నా అన్ని చానెళ్లూ కలిసి జరుగుతాయి, మధ్య తేడా నిలిచే ఉంటుంది.

మూడు ప్రోబులూ ఒకే ఫేజుకి

ఈ ప్రాజెక్టులో ఎవరైనా ఒక్క పనే చేయగలరు అంటే ఇది చేయమంటాను. ఇంట్లో సింగిల్ ఫేజు దగ్గర మూడు ప్రోబుల మొనలూ ఒకే ఫేజు తీగకి కట్టి, కామన్‌ని (డివైడర్ల కింది కొసలు కలిసే చోటు) న్యూట్రల్‌కి ఇచ్చి చూడటం. నిజమైన కోణం సున్నా అని ముందే తెలుసు, అక్కడ కనబడేదంతా మన ప్రోబులదే. పోల్చి చూద్దామని మొదట పై కెపాసిటర్లు లేకుండా, కింద మామూలు డిస్క్ సెరామిక్ పెట్టి చూస్తే మూడింటి మధ్య 0.2 డిగ్రీ దాకా తేడా. సీ0జీలు పెట్టి పైన కూడా కెపాసిటర్లు వేశాక 0.03 లోపుకి వచ్చింది. అప్పుడు కేబుళ్లు ఒకదానిది ఇంకొకదానికి మార్చి మళ్లీ చూశాను, తేడా ప్రోబుతో పాటు వెళ్తుందా, ఏడీసీ చానెల్‌తోనే ఉండిపోతుందా అని. ప్రోబుతోనే వెళ్లింది, చానెళ్లు బాగున్నాయి.

మూడు కేబుళ్లూ ఒకే పొడవు కోశాను. 50 హెర్ట్జ్‌కి ఇంత పట్టింపు అక్కర్లేదు, తర్వాత డ్రైవు (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) మీద నడిచే సోలార్ పంపుల దగ్గర వాడాలనుంది, అక్కడ కిలోహెర్ట్జ్‌లు వస్తాయి. ఈ డివైడర్‌కి బలహీనమైన చోటు 3.4 కిలోహెర్ట్జ్ దగ్గర. పై, కింది టైమ్ కాన్‌స్టంట్లలో 5 శాతం తేడా ఉంటే 50 హెర్ట్జ్‌లో 0.04 డిగ్రీయే కనిపిస్తుంది గానీ అక్కడ దాదాపు 1.4 డిగ్రీలు అవుతుంది. అందుకే ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే స్నేహితుడి దగ్గర ఫంక్షన్ జనరేటర్‌తో 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్‌వేవ్ ఇచ్చి చూశాం. 20 వోల్టులు ఇస్తే బయటికొచ్చేది 50 మిల్లీవోల్టులే, స్కోపులో యావరేజింగ్ పెట్టుకోవాలి. మూల గుండ్రంగా కనిపిస్తే పైన కెపాసిటెన్స్ చాలట్లేదు, ముక్కులా పొడుచుకొస్తే ఎక్కువైంది. ఒక ప్రోబుకి కింద 220 పికోఫారడ్ కలిపితే మూల చక్కగా నిలబడింది, మిగతా రెండింటికీ ఏమీ అక్కర్లేకపోయింది.

సీటీ సంగతి

వోల్టేజి వైపు ఇంత జాగ్రత్త తీసుకున్నాక కరెంటు వైపు చూస్తే అసలు తప్పు అక్కడే ఎక్కువ. నేను వాడింది తెరుచుకునే రకం సీటీ (తీగ చుట్టూ వేసి కరెంటు కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్), ఎస్‌సీటీ-013, 100 ఆంపియర్లకి 50 మిల్లీఆంపియర్లు. ఇలాంటి సీటీలో బయటికొచ్చే కరెంటు అసలు కరెంటు కంటే కొంచెం ముందుంటుంది, కోర్‌ని అయస్కాంతం చేయడానికి కొంత పోతుంది కాబట్టి.

ఎంత ముందుందో చూడటానికి నీళ్లు కాచే ఇమ్మర్షన్ రాడ్‌కి మించింది లేదు. 1,500 వాట్ల రాడ్డు, బకెట్ నిండా నీళ్లు, దాదాపు 6 ఆంపియర్లు, కోణం సున్నా. ఫేజు తీగని సీటీ లోంచి మూడు చుట్లు తిప్పాను, సిగ్నల్ మూడింతలవుతుంది. 33 ఓముల బర్డెన్‌తో (సీటీ కొసల మధ్య పెట్టే రెసిస్టర్) 3.4 డిగ్రీలు ముందు. 10 ఓములకి దించితే 2.8. ఇంకా బాగా తగ్గుతుందనుకుంటాం గానీ నా సీటీ చుట్ట సొంత రెసిస్టెన్సే 100 ఓములు దాటింది, బర్డెన్ ఎంత తగ్గించినా దాని కిందికి పోలేం. ఒక్క చుట్టుతో చూస్తే ఇంకో 0.3 తేడా, కరెంటుని బట్టి ఈ తప్పు మారుతుందన్నమాట. అందుకని రెండు కరెంటుల దగ్గర విలువలు రాసిపెట్టి, మధ్యలో లెక్కగట్టి ప్రోగ్రాంలోనే ఆ కోణం తీసేస్తున్నా.

ఇక్కడ గమనించాల్సింది: డివైడర్‌లో వోల్టేజి వెనకబడటం, సీటీలో కరెంటు ముందుకెళ్లడం, రెండూ మోటారు కోణాన్ని తగ్గించే చూపిస్తాయి. ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, కలిసిపోతాయి. 0.84, 3.4 కలిపితే 4 డిగ్రీల పైమాట. డ్రైగా తిరిగే మోటారు వాట్లు 17 శాతం దాకా ఎక్కువ కనిపిస్తాయి, అంటే నీళ్లు లేని బోరు కూడా కొంత నీళ్లున్నట్టే కనిపిస్తుంది.

రెండో చివర సరిచూడటానికి మోటారు రన్ కెపాసిటర్ పెట్టాను, 36 మైక్రోఫారడ్, 240 వోల్టులకి 2.7 ఆంపియర్లు. మంచి పాలీప్రొపిలీన్ కెపాసిటర్‌లో నష్టం చాలా తక్కువ, కోణం 90కి అతి దగ్గరగా ఉండాలి. సవరణ తర్వాత 89.8 వచ్చింది. ఆ కెపాసిటర్ కరెంటు వేవ్ మాత్రం పళ్లుపళ్లుగా ఉంది, ఐదో హార్మోనిక్ (50కి ఐదింతల ఫ్రీక్వెన్సీలో కలిసే వేవ్) వోల్టేజిలో 3 శాతం ఉంటే కెపాసిటర్ కరెంటులో 15 శాతం అవుతుంది మరి. జీరో క్రాసింగ్ మీద ఆధారపడి ఉంటే ఇక్కడ అంకె నిలబడేది కాదు.

మే, తోటలో

స్టార్టర్‌కి మూడు తీగలే వస్తాయి, న్యూట్రల్ లేదు. మూడు డివైడర్ల కింది కొసలు ఒకచోట కలిపితే అదే సొంత న్యూట్రల్ అవుతుంది. ఇక్కడ ప్రోబులు ఒకేలా ఉండటం ఇంకా ముఖ్యం: ఒకదాని రెసిస్టెన్స్ ఒక శాతం తేడాగా ఉంటే ఆ కలిసే చోటు జరిగి, పక్క ఫేజుల కోణం 0.17 డిగ్రీ దాకా మారుతుంది. మూడు ఫేజుల మొత్తం వాట్లు మాత్రం ఆ చోటు ఎక్కడున్నా మారవు, అందుకే నిర్ణయాలకి మొత్తం వాట్లే వాడుతున్నా.

ఈ పని చేసేవాళ్లు ఎవరైనా సరే, స్కోపు గ్రౌండ్ క్లిప్పు ఫేజుకి తగిలించొద్దు. అది ఎర్తుతో కలిసి ఉంటుంది, తగిలిస్తే నేరుగా షార్టే. నా మీటరు ప్లాస్టిక్ డబ్బాలో, బ్యాటరీ మీద ఉంటుంది, ప్రోబులు కట్టి ఉన్నప్పుడు చార్జర్ గుచ్చను, ముట్టను. ప్రోబులు కట్టేటప్పుడు ఫ్యూజులు తీసి, మూడు తీగల్లోనూ కరెంటు లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టాను, చిన్నాయన పక్కనే నిలబడ్డాడు. ఇంకొకటి, స్టార్టర్ దగ్గర పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ ఉంటే సీటీ దాని తర్వాత, మోటారు వైపు వేయాలి. ముందు వేస్తే కెపాసిటర్ కరెంటు కూడా కలిసి కోణం అంతా మారిపోతుంది.

మోటారు వేశాం. 415 వోల్టులు, సగటున 8.7 ఆంపియర్లు, 50 డిగ్రీలు, 4 కిలోవాట్ల చుట్టూ. పైపు నిండుగా పోస్తోంది. గంట దాటాక తొట్టి దగ్గర ధార మధ్యలో తెగడం, దగ్గినట్టు గాలి కొట్టడం మొదలైంది. ఫోను చూస్తే ఆంపియర్లు 8.1, కోణం 54, వాట్లు 3,400. ఆంపియర్లలో 7 శాతం, వాట్లలో 15 శాతం. చిన్నాయన ధార వైపు, నేను అంకె వైపు చూస్తూ ఉంటే ప్రతి దగ్గుకీ వాట్లు దిగి ఎక్కుతున్నాయి.

"ఇంగ ఆపు, సాలు" అన్నాడు చిన్నాయన, ఆపేశాం.

నీళ్లు ఊరాక మళ్లీ వేసినప్పుడు వోల్టేజి 428కి పెరిగి ఉంది. ఆంపియర్లు 8.8, కోణం 52, వాట్లు అవే 4 కిలో. అంటే నీళ్లలో మార్పు లేకుండా వోల్టేజి ఒక్కటే కోణాన్ని 2 డిగ్రీలు జరిపింది. కోణం అంకె మీద హద్దు పెట్టి మోటారు ఆపుదామన్న ఆలోచన అక్కడితో వదిలేశాను. హద్దు వాట్ల మీదే: 3,300 కిందికి కొన్ని సెకన్లు ఉంటే ఆపాలి.

ఎండకి స్టార్టర్ ఇనుప డబ్బా లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, మధ్యాహ్నం డబ్బా కాలుతున్నప్పుడు మూడు ప్రోబులనీ పోల్చి చూస్తే, వాటి మధ్య తేడా 0.05 దాటలేదు. సీ0జీ కోసం పెట్టిన డబ్బులు అక్కడ తిరిగొచ్చాయి.

జూన్ మొదట్లో

ఇప్పుడు సొంత బోర్డు గీస్తున్నాను. లైన్ వోల్టేజి ఉన్న భాగానికీ చిన్న వోల్టేజి భాగానికీ మధ్య బోర్డుకి గాడి కోయిస్తా, దుమ్ము, తేమ పేరుకున్నా ఉపరితలం మీద కరెంటు పాకకుండా. ప్రోబు మొన దగ్గరే ఒక చిన్న ఫ్యూజు. రిలే ఇంకా పెట్టలేదు, కొన్నాళ్లు రీడింగులే రాసుకుంటాను. గార్లదిన్నె వైపు ఒకాయన తోటలో రెండు ఫేజులే ఉన్నప్పుడు కెపాసిటర్ పెట్టి త్రీ ఫేజు మోటారు నడుపుతారు, అక్కడ ఫేజుల మధ్య కోణాలు 120 నుంచి ఎంత జరుగుతాయో చూడటానికి వైండింగ్ షాపు అన్న కూడా వస్తానన్నాడు. తన క్లాంప్ మీటరు కూడా తెస్తాడు, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం.